నేను అడగని రెండో పరుగు

ఫిబ్రవరిలో అండమాన్ వెళ్ళొచ్చానని తెలిసి స్నేహితులు బీచ్ ఫోటోలు పంపమన్నారు. నా ఫోన్‌లో ఒక్క బీచ్ కూడా లేదు. బాంబూఫ్లాట్‌లో ఒక ఇల్లు, చౌల్దారీలో ఒక దూడల పోటీ, మధ్యలో ఫెర్రీ, ఆటో, బస్సు. అదే నా అండమాన్. ఆ దారుల వివరాలు ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను. కానీ ఎందుకు వెళ్ళానో చెప్పకుండా దారి ఒక్కటే చెప్పడం నాకు చేతకాలేదు.

నేను విజయనగరం జిల్లాలో పశువైద్యుడిని. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. గుర్రాలంటే ఇష్టం కాబట్టి సెలవు పెట్టుకుని ఏడాదికి రెండు మూడుసార్లు ఎండ్యూరెన్స్ రైడ్‌లకు వెటర్నరీ జడ్జిగా వెళ్ళేవాణ్ణి. ఇవి రేస్‌కోర్సు పందేల్లాంటివి కావు. గుర్రం అరవై, ఎనభై కిలోమీటర్లు విడతలు విడతలుగా వెళ్తుంది. ప్రతి విడత చివర వెట్ గేట్ ఉంటుంది. అక్కడ గుండె వేగం చూస్తాం, కడుపులో చప్పుడు వింటాం, ఒంట్లో నీరు తగ్గిందేమో చర్మం పట్టి చూస్తాం. చివరగా గుర్రాన్ని పగ్గం పట్టుకుని మా ఎదురుగా పరిగెత్తించి వెనక్కి తీసుకురమ్మంటాం. అడుగులో కుంటు ఉంటే పోటీ అక్కడితో ఆగిపోతుంది. అనుమానం వస్తే ముగ్గురు డాక్టర్లం ఒకరికొకరం చూపించుకోకుండా చీటీలు రాస్తాం. ఇద్దరిది ఏ మాటైతే అదే తీర్పు. దాని మీద అప్పీలు లేదు.

ఏడాదిన్నర కిందట అలాంటి ఒక రైడ్‌కి వెళ్ళాను. ఊరి పేరు వద్దు. అక్కడ పెద్ద గుర్రాల ఫారం ఉన్న ఒకాయన నన్ను రెండు రోజులు తన గెస్ట్ హౌస్‌లో ఉంచి, స్వయంగా వడ్డించి భోజనం పెట్టారు. పోటీలో ఆయన మగగుర్రం సుల్తాన్ ఉంది. రెండో విడత అయ్యాక సుల్తాన్‌ని పరిగెత్తిస్తే ముందరి కుడి కాలు నేల తాకినప్పుడల్లా తల పైకి లేస్తోంది. కుంటుకి అంతకంటే గుర్తు అక్కర్లేదు. నేను రెండోసారి పరిగెత్తించమన్నాను, అది కూడా చదునుగా ఉన్న పక్క బాట మీద. అప్పుడు కొంచెం తక్కువగా కనబడింది. చీటీ మీద ‘సరే’ అని రాశాను. ఇంకొకరు కూడా అలాగే రాశారు. ముగ్గురిలో చిన్నదైన డాక్టర్ సుధ ఒక్కతే ‘కుంటు’ అని రాసింది.

దాని వెనకే చాందిని అనే ఆడగుర్రం వచ్చింది. ఒక రైడింగ్ స్కూలుది. దాన్ని నడిపే అమ్మాయి పేరు నూకరత్నం. అండమాన్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, పాతికేళ్ళు ఉంటాయి. చాందిని పరుగు మొదట్లో ఒకచోట అడుగు పక్కకు వేసింది. ఆ తరువాత అంతా సమంగా పరిగెత్తింది. నేను రెండో పరుగు అడగలేదు. ‘కుంటు’ అని రాశాను. నా చీటీతో ‘కుంటు’ అన్నవి రెండయ్యాయి. చాందిని ఆగిపోయింది. సుల్తాన్ మూడో విడతకు వెళ్ళి, మధ్య దారిలో కాలి వెనక టెండన్ తెగి, ట్రక్కులో తిరిగొచ్చింది.

కళ్ళు ఒక్కోసారి పొరపడతాయని ఏడాదికి పైగా నాకు నేను చెప్పుకున్నాను. పోయిన డిసెంబరులో సుధ ఒక వీడియో పంపింది. చూడడానికి వచ్చిన వాళ్ళెవరో తీసింది. అందులో రెండు గుర్రాల పరుగులూ ఉన్నాయి. చాందిని పక్కకు అడుగు వేసినచోట బాట అంచున ఎవరో పెట్టిన నీళ్ళ సీసాల పెట్టె ఉంది. గుర్రం దాన్ని చూసి బెదిరింది. వీడియోలో నేను కూడా ఉన్నాను. చాందిని అటు చివరికి వెళ్ళి ఇంకా వెనక్కి తిరగలేదు, నేను అప్పుడే తల వంచి చీటీ మీద రాస్తున్నాను.

ఆ వీడియో చూశాక నాకు నేను అబద్ధం చెప్పుకోవడం కుదరలేదు. సుల్తాన్ దగ్గర నేను మెత్తబడ్డానని చుట్టూ ఉన్నవాళ్ళకి తెలిసిపోతుందేమోనని భయపడ్డాను. తరువాత వచ్చిన గుర్రం దగ్గర గట్టివాడిలా కనబడాలనుకున్నాను. అలా వచ్చింది చాందిని. అంతే. కుంటు గుర్రాన్ని తోలిందన్న పేరు పడి ఆ అమ్మాయి రైడింగ్ స్కూలు ఉద్యోగం పోయిందనీ, ఇంటికి వెళ్ళిపోయిందనీ సుధ చెప్పింది. నంబరు కూడా ఇచ్చింది. రెండుసార్లు ఫోన్ చేశాను. నా పేరు చెప్పగానే రెండుసార్లూ కట్ అయింది. ఆ వారమే టిక్కెట్లు తీసుకున్నాను.

విశాఖ నుంచి ముందురోజు రైల్లో చెన్నై వెళ్ళి, తెల్లవారుజామున విమానం ఎక్కాను. నెల ముందు తీసుకుంటే ఒకవైపు టిక్కెట్టు ఆరు వేల పైచిలుకు పడింది. రెండు గంటల పావు ప్రయాణం. ఎనిమిదింటికి దిగాను. ఆ ఊరిని ఇప్పుడు అధికారికంగా శ్రీ విజయపురం అంటున్నా ఆటోవాళ్ళంతా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు. డిగ్నాబాద్‌లో ఒక చిన్న లాడ్జిలో సంచీ పెట్టి, స్నానం చేసి, అక్కడి నుంచి చాథం జెట్టీకి ఆటోలో వెళ్ళాను. బాంబూఫ్లాట్ ఫెర్రీ అక్కడే ఎక్కాలి. మోటారు సైకిళ్ళు, కూరగాయల బుట్టలు, ఆఫీసు సంచులు అన్నీ ఒకే డెక్ మీద. టిక్కెట్టు చాలా తక్కువ, చిల్లర ఉంచుకోండి. పావుగంటలో అవతలి ఒడ్డు.

రత్నం వాళ్ళ ఇల్లు వెతకడం కష్టం కాలేదు. వాళ్ళ నాన్న ఎర్రయ్య గారు హార్బర్ ఫెర్రీల మీద పనిచేసి రిటైరయిన మనిషి, జెట్టీ దగ్గర టీ కొట్టులో అడిగితే వెంటనే చూపించారు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. గుర్రాల పోటీల్లో వాళ్ళమ్మాయిని చూశానని, పశువుల డాక్టర్నని చెప్పాను. ఆయన కుర్చీ తుడిచి వేశారు. వద్దంటున్నా టీ పెట్టించారు. రత్నం ఇప్పుడు చౌల్దారీ పశువుల ఉపకేంద్రంలో సహాయకురాలట. ఆ రోజు అక్కడ ఎవరి దూడ ఆరోగ్యంగా ఉందో చూసి బహుమతి ఇచ్చే పోటీ ఉందని పెందలాడే వెళ్ళిందట.

టీ తాగుతుండగా ఆయనే గుర్రం మాట ఎత్తారు.

“నోరు లేని జీవం సార్ అది. కుంటుతున్నా తోలేసిందంట మా పిల్ల. ముగ్గురు డాక్టర్లు చూసి చెప్పేక గలత్ ఎలాగవుద్ది? ఆ రోజు నుంచి దాంతో గుర్రం మాట ఎత్తనేదు నేను. ఇంటికొచ్చినా సరిగ్గా మాటాడనేదు.”

నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఆయన ఆ ముగ్గురిలో నాకు తెలిసిన వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు.

“తెలుసు,” అన్నాను.

ఎనిమిది వందల మైళ్ళు సముద్రం దాటి వచ్చినవాణ్ణి, చేతికందే దూరంలో కూర్చున్న మనిషికి నిజం చెప్పలేకపోయాను. ఆలస్యమవుతోందని లేచాను. ఆయన రోడ్డు దాకా వచ్చి, తెలిసిన ఆటో అతన్ని పిలిచి, డాక్టరు గారిని జాగ్రత్తగా తీసుకెళ్ళమని చెప్పి నిలబడ్డారు.

బాంబూఫ్లాట్ నుంచి చౌల్దారీకి బస్సులు ఉన్నాయి కానీ మధ్యాహ్నం వేళ మధ్యలో చాలాసేపు ఉండవు. ఆటోకి ఐదు వందలు అడిగాడు, ఇచ్చాను. దారంతా మలుపులు. పోకతోటలు, అరటి, అక్కడక్కడ ఉప్పునీరు చేరి వదిలేసిన పొలాలు. ఆటో అతను కూడా ఇక్కడి తెలుగువాడే. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించేవాడు. తనకి తెలుగు చదవడం రాదని, ఇంట్లో మాట్లాడడమేనని చెప్పాడు. రత్నం గురించి అడిగితే, “రత్నం దీదీ మా ఆవుకి ఈత కష్టమైతే వానలో వచ్చింది సార్. దీదీకి జానవర్ అంటే జాన్,” అన్నాడు, పశువులంటే ప్రాణమని. ముప్పావు గంటలో దిగాను.

స్కూలు పక్కన మైదానంలో గుడారం వేసి ఉంది. తొమ్మిది దూడలు, వాటి వెనక యజమానులు, కొందరు బెంగాలీలు, కొందరు రాంచీ వైపు వాళ్ళు, రెండు తెలుగు ఇళ్ళు. రత్నం నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది. మొహంలో ఏమీ మారలేదు. చేతిలో కొలత టేపు చుట్టుకుంటూ నిలబడింది. ఈలోగా గ్రామ ప్రధాన్ వచ్చి నేనెవరో తెలుసుకుని, మెయిన్‌ల్యాండ్ నుంచి పెద్ద డాక్టరు వచ్చారని హిందీలో మైకులో చెప్పేశారు. మెడలో దండ వేశారు. ఈ రోజు తీర్పు వారే ఇవ్వాలని కోరారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా జీవితంలో అంత బరువైన దండ వేసుకోలేదు.

రత్నం నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది. “మీరు జడ్జి వద్దు సార్. తాడు పట్టుకోండి.”

దూడల్ని తాడు పట్టి నడిపించి, పరిగెత్తించడానికి రావలసిన మనిషి రాలేదని ప్రధాన్‌కి తనే చెప్పి ఒప్పించింది. యజమాని నడిపిస్తే ఎవరి దూడో తెలిసిపోతుంది, అందుకని అన్నింటినీ ఒకే మనిషి నడిపించాలని ఆ పోటీకి తను పెట్టిన పద్ధతి. తనతోపాటు తీర్పు చెప్పే స్కూలు మాస్టారు, పాత కాంపౌండరు యజమానుల వైపు వీపు పెట్టి కూర్చున్నారు. నడిచే బాటను ముందే చీపురుతో ఊడ్పించి, రెండు పక్కలా తాడు కట్టించింది.

దండ తీసి కుర్చీ మీద పెట్టి తాడు పట్టుకున్నాను. యాభై మూడేళ్ళ వయసులో, మధ్యాహ్నపు ఎండలో, తొమ్మిది దూడల్లో ఒక్కొక్కదానితో ఆ చివరి దాకా పరిగెత్తి వెనక్కి వచ్చాను. జడ్జి బల్ల వైపు పరిగెత్తుకొస్తుంటే ఎలా ఉంటుందో నాకు అంతవరకు తెలియదు. కళ్ళు వాళ్ళ చేతుల మీదే ఉంటాయి. పెన్ను కదిలిందా, లేదా. ఏడో దూడ ఎర్రది, బాట మధ్యలో నా కాలికి అడ్డుపడి తూలింది. తప్పు నాది, దూడది కాదు. బల్ల దగ్గరికి వచ్చి దూడను ఆపాను. రత్నం ఏమీ రాయలేదు.

“ఇంకోసారి,” అంది.

ఆ దూడ రెండోసారి చక్కగా నడిచింది. తొమ్మిదీ అయ్యాక మిగతా ఎనిమిదింటినీ కూడా మళ్ళీ నడిపించమంది. మొదటిసారి అందంగా నడిచిన తెల్ల దూడ యజమాని విసుక్కున్నాడు. తన దూడ బాగానే నడిచింది కదా, మళ్ళీ ఎందుకని హిందీలో అడిగాడు. రత్నం అతనికి హిందీలోనే జవాబు చెప్పింది. ఒకరికి రెండో అవకాశం ఇస్తే అందరికీ ఇవ్వాలి, లేకపోతే ఎవరికీ ఇవ్వకూడదు. నా వైపు చూడలేదు. చూడనక్కర్లేదు.

తెల్ల దూడే గెలిచింది. ఎర్రది మూడోది. సుమారు రెండున్నరకి పోటీ ముగిసింది. ప్రధాన్ ఇంట్లోంచి అన్నం, పప్పు, చేప వేపుడు వచ్చాయి. నేను తినలేకపోయాను. రత్నం తిని, చేతులు కడుక్కుని, ఉపకేంద్రం అరుగు మీదకి వచ్చింది. నేను నిలబడే చెప్పాను. గెస్ట్ హౌస్, భోజనాలు, సుల్తాన్, పక్క బాట, నా భయం, చీటీ, ఒక్కటీ దాచలేదు. రైడ్ నడిపేవాళ్ళకి పంపడానికి రాసుకొచ్చిన ఉత్తరం కూడా చూపించాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

“ఆ వీడియో నా దగ్గరా ఉంది సార్. ఆ సాయంత్రమే చూసేను,” అంది. తరువాత అడిగింది. “నాకు ఒక్కటే తెలీలేదు. చాందిని పెట్టెకి బెదిరిందని మీకు కనబడిందా, కనబడలేదా? కనబడకపోతే సరే. ఎవరికైనా జరుగుద్ది. నాకూ జరుగుద్ది.”

విమానంలో సిద్ధం చేసుకున్న మాటలేవీ ఆ ప్రశ్నకి జవాబు కావు. ఉత్తరంలో కూడా ‘పరిశీలనలో లోపం’ అని రాసుకున్నాను. ఆ మాట రాసేటప్పుడు నిజాయితీగానే ఉన్నాననుకున్నాను.

“కనబడింది,” అన్నాను.

ఆమె అరుగు అంచున కూర్చుంది. తరువాత చెప్పిందంతా చాందిని గురించే. నాలుగేళ్ళు దాన్ని తనే తోమింది, తనే మేపింది. ఆ గుర్రం ఏ చిన్న నొప్పి ఉన్నా మేత ముట్టదు. ఆ మధ్యాహ్నం వెట్ గేట్ నుంచి వెళ్ళి మేత బకెట్టు ఖాళీ చేసిందట. స్కూలు వాళ్ళకి వీడియో చూపించి ఎంత చెప్పినా, డాక్టర్లు ‘కుంటు’ అని రాసిచ్చిన కార్డు చూపించేవారట. తరువాత చాందినిని అమ్మేశారట, ఎక్కడికో తనకి తెలియదు.

నేను ఏం చెయ్యాలో చెప్పమన్నాను. ఉత్తరం నా ఇష్టమంది. అది పంపినా చాందిని రాదు, ఆ ఉద్యోగానికి తను పోదు. “మా నాన్నకి చెప్పండి,” అంది. “నేనుండగా.”

పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్ళానని, ఆయన అడిగినా చెప్పలేదని అప్పుడు ఒప్పుకోవలసి వచ్చింది. ఆమె నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

మూడు దాటాక బాంబూఫ్లాట్ వైపు బస్సు దొరికింది. ఆమె ముందు సీట్లో, నేను వెనక. నాలుగున్నరకి ఇల్లు చేరాం. ఎర్రయ్య గారు మమ్మల్ని కలిసి చూసి సంతోషపడ్డారు. మళ్ళీ అదే కుర్చీ తెచ్చి వేశారు. నేను కూర్చోలేదు.

“పొద్దున మీరు అడిగారు, ఆ ముగ్గురిలో ఎవరైనా తెలుసా అని,” అన్నాను. “ఒకణ్ణి నేనే. మీ అమ్మాయి గుర్రం కుంటలేదు. కుంటలేదని నాకు తెలుసు. తెలిసే రాశాను.”

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది, ఇంకా నెమ్మదిగా, చిన్న మాటల్లో. రెండోసారి చెబుతుంటే నా గొంతు నాకే పరాయిగా వినబడింది. ఆయన నా మీద కోప్పడతారని ఎదురుచూశాను. ఆ కోపం వస్తే కాస్త తేలికపడదామని లోపల ఆశ కూడా ఉందేమో. ఆయన నా వైపు తిరగనే లేదు. కూతురి వైపు చూశారు.

“నాకెందుకు చెప్పనేదే?”

“చెప్పేను నాన్నా,” అంది రత్నం. “మూడుసార్లు చెప్పేను. డాక్టర్లకి తెలీదేటి, నీకు తెలుసేటి అన్నావు.”

ఆయన గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నారు. నా కుర్చీ ఖాళీగా అలాగే ఉంది. రత్నం లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఆయనకిచ్చి పక్కనే కూర్చుంది. ఆయన నీళ్ళు తాగలేదు. గ్లాసు పట్టుకుని, ఆ గుర్రం ఏ రంగులో ఉండేదని అడిగారు. ఆమె చెప్పింది. ఎంత ఎత్తు అని అడిగారు. ఆమె చెయ్యెత్తి చూపించింది. నేనక్కడ ఉన్నట్టు ఇద్దరికీ గుర్తు లేదు. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. ఎవరూ ఆపలేదు, ఆపకూడదు కూడా.

ఐదు దాటాక ఫెర్రీలో వస్తుంటే నీళ్ళ మీద వెలుతురు తగ్గిపోతోంది. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు ఎదురు ఫెర్రీలో నిండుగా వెళ్తున్నారు. లాడ్జికి వచ్చి ఉత్తరం మళ్ళీ రాశాను. ‘పరిశీలనలో లోపం’ తీసేసి ‘తెలిసి’ అని రాశాను. సుల్తాన్ సంగతి, బస సంగతి కూడా చేర్చాను. మర్నాడు చెన్నైలో దిగి పంపాను. నన్ను జడ్జిల జాబితాలోంచి తీసేశామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఫలితం మార్చే నియమం లేదట. రైడింగ్ స్కూలుకి కూడా ఒక కాపీ పంపాను, అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. రత్నం నుంచి ఫోన్ రాలేదు, నేనూ చెయ్యలేదు.

ఇరవై ఆరేళ్ళుగా జంతువులు అబద్ధమాడవని నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే విద్యార్థులకి చెబుతూ వచ్చాను. కుంటే కాలు కుంటుతుంది, కుంటని కాలు కుంటదు. మధ్యలో చూసే మనిషి ఒకడుంటాడని, వాడు ఎవరి ఉప్పు తిన్నాడో, ఎవరికి జంకుతున్నాడో ఆ చూపులో కలిసిపోతుందని చెప్పలేదు. నా రెండు చీటీల వల్ల ఒక గుర్రం కాలు పోయింది, ఇంకొక గుర్రం తన మనిషికి దూరమైంది. ఒక ఇంట్లో తండ్రీ కూతుళ్ళు ఏడాదిన్నర సరిగ్గా మాట్లాడుకోలేదు. చెప్పేశాక మనసు తేలికపడుతుందని అంటారు. నాకు పడలేదు. ఆ పొద్దున టీ గ్లాసు పట్టుకుని ‘తెలుసు’ అన్న మాటే, చీటీ కంటే ఎక్కువగా, ఇప్పటికీ సిగ్గుతో చంపుతోంది. చీటీ రాసినప్పుడు భయం ఉంది. టీ తాగుతున్నప్పుడు నన్ను భయపెట్టినవాళ్ళు ఎవరూ లేరు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. అండమాన్‌లో పొద్దు మనకంటే చాలా ముందు వాలుతుంది. ఫిబ్రవరిలో ఐదున్నరకే మసకపడుతుంది, సాయంత్రం బస్సులు తగ్గిపోతాయి, ఫెర్రీలో రద్దీ ఉంటుంది. చౌల్దారీ వరకు వెళ్ళి రావాలంటే బాంబూఫ్లాట్‌కి ఎనిమిదిలోపు ఫెర్రీ పట్టుకోండి. అక్కడ ఎవరింట్లోనైనా చెప్పవలసిన మాట ఉంటే, పొద్దున్నే, మొదటి టీ చల్లారకముందే చెప్పేయండి.